మోటారు మార్చే ముందు ఫ్లష్ ట్యాంకు చూడండి

మా సంఘంలో ఒక అక్క, మేడమీద ట్యాంకు రోజూ ఖాళీ అయిపోతోందని కొత్త మోటారుకు అప్పు అడిగింది. అప్పు ఇచ్చే ముందు మేమే వెళ్లి చూశాం. బాత్‌రూములో ఫ్లష్ నీళ్లు సన్నగా కారుతూనే ఉన్నాయి.

ఫ్లష్ ట్యాంకు మూత తీశాం. నీళ్లు లోపలి నిలువు గొట్టంలోకి పొర్లిపోతుంటే ఫ్లోట్ కొంచెం కిందికి దించాలి. ఇక్కడ పొర్లడం లేదు. బట్టల నీలం నాలుగు చుక్కలు వేసి, అరగంట ఎవరినీ ఫ్లష్ నొక్కనివ్వలేదు. కమోడ్‌లోకి నీలం దిగింది. అంటే అడుగున వాషర్ లీకు. గోడకున్న కుళాయి కట్టేసి, వాషర్‌కు పట్టిన పాచి తుడిచాం, ఆగలేదు. కొత్త వాషర్ వేస్తే ఆగింది.

అక్కకు అప్పు భారం తప్పింది. మీరూ ముందు నీలం వేసి చూడండి.