లేసు అల్లిన చేతికి లెక్క



మన నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే వేరే చోట అల్లిన లేసును ఆ పేరుతో అమ్మకూడదు. పేరు వచ్చింది సరే. అల్లిన చేతికి ఏం వచ్చింది?

మా అమ్మ కూడా లేసు అల్లేది. ఏజెంటు దారం ఇచ్చేవాడు. దారం కట్టకు ఇంత అని కూలి. లెక్క ఆయన పుస్తకంలోనే ఉండేది.

ఒకసారి అమ్మ తనే దారం కొన్నది. ఆరు రోజులు కూర్చుని టేబుల్ గుడ్డ అల్లింది. బజారులో 300 రూపాయలకు అమ్మి సంతోషంగా వచ్చింది. నేను లెక్క వేశాను. దారం 150. బస్సు 50. మిగిలింది 100. ఆరు రోజుల పనికి వంద రూపాయలే!

"కూర్చుని చేసే పనే కదే, దానికీ కూలి కట్టాలా?" అంది అమ్మ.

నాకు కోపం వచ్చింది. కళ్ళు లాగేది ఎవరికి? మెడ నొప్పి ఎవరికి? రోజుకు వంద వేసుకున్నా ఆ గుడ్డ ధర 800.

అంత పెట్టి అందరూ కొనరు. నిజమే. అందుకే అమ్మ ఇప్పుడు గ్లాసు కింద వేసే చిన్న ముక్కలు కూడా అల్లుతోంది. అవి తొందరగా పోతాయి.

ఇంకో మాట. ఒక కొట్టులో నాలుగు గుడ్డలు ఇచ్చి వచ్చింది. అమ్ముడయ్యాక డబ్బు ఇస్తామన్నారు. మూడింటికే ఇచ్చారు. నాలుగోది తమకు ఇవ్వనే లేదన్నారు. చీటీ లేదు. ఏమని అడుగుతాం?

ఇప్పుడు అమ్మే చీటీ రాస్తుంది. తేదీ, ఎన్ని గుడ్డలు, ఒక్కోటి ఎంత. కింద కొట్టు ఆయన సంతకం. మొదటిసారి ఆయన నవ్వాడట. అయినా పెట్టాడు.