ఆబా అంగడి నుండి శాసనసభకు

నైజీరియా దేశపు ఆగ్నేయ భాగమున ఆబా అను వర్తక పట్టణము కలదు. పామాయిలు, కర్రపెండలము, గుడ్డలు, ఉప్పు - ఏది కొనవలెనన్నను అచ్చటి అంగళ్లలో అమ్మకమునకు కూర్చుండువారు చాలవరకు స్త్రీలే. పశ్చిమాఫ్రికాలో సంత స్త్రీల రాజ్యము. అయినను ఆ సంతపై పన్నులు నిర్ణయించు సభలలో స్త్రీలకు చిరకాలము చోటు లేకపోయినది. అంగడికిని సభకును నడుమ గల ఈ దూరమును దాటి, తనతో వేలాది స్త్రీలను నడిపించిన వ్యక్తి శ్రీమతి మార్గరెట్ ఎక్పో. ఆమెను గూర్చి నేడు ముచ్చటించుకొందము.

ఆమె కథకు ముందు మరియొక కథ కలదు. 1928లో బ్రిటిషు ప్రభుత్వము ఆ ప్రాంతపు పురుషులపై తలపన్ను విధించెను. మరుసటి సంవత్సరము ఒలోకో అను గ్రామమున జనాభా లెక్కలకు వచ్చిన యొకడు న్వాన్యెరువా అను స్త్రీని, నీ మేకలెన్ని, గొర్రెలెన్ని, మనుష్యులెందరు అని యడిగెను. ఇక స్త్రీలకును పన్ను తప్పదని ఆమె గ్రహించినది. నీ తల్లి నెవరైన లెక్కించిరా అని వానిని ఎదురు ప్రశ్నించినది. ఊరినుండి ఊరికి పామాయిలు మట్టలు సందేశములై పోయినవి. వేలకొలది స్త్రీలు ప్రభుత్వము నియమించిన గ్రామాధికారుల ఇండ్లను, న్యాయస్థానములను ముట్టడించిరి. సైనికుల కాల్పులలో ఏబదిమందికి పైగా స్త్రీలు మరణించిరి. దొరతనమువారు దీనిని ఆబా అల్లరులనిరి. ఇగ్బో ప్రజలు స్త్రీల యుద్ధమనిరి. కావున ఆబా స్త్రీలకు ధైర్యము కొరవడినదని ఎవరు ననజాలరు. కొరవడినది ఆ ధైర్యమును నిలిపి యుంచు సంఘమే.

మార్గరెట్ 1914లో కాలబారునకు సమీపమున గల క్రీక్ టౌన్‌లో జన్మించెను. తల్లి అచ్చటి రాజవంశమునకు చెందినది. 1934లో తండ్రి మరణించుటచే పైచదువు ఆగిపోయి, ఆమె ప్రాథమిక పాఠశాలలలో బోధించుచు వచ్చెను. 1938లో వైద్యుడగు జాన్ ఉడో ఎక్పోను వివాహమాడి, ఆయన ఉద్యోగరీత్యా ఆబా చేరెను.

ఆమె రాజకీయ ప్రవేశము విచిత్రమైనది. వైద్యశాలలో స్వదేశ వైద్యులపట్ల అధికారులు చూపు పక్షపాతము భర్తకు బాధ కలిగించుచుండెను. దానిని చర్చించు సభలకు పోవుటకు ప్రభుత్వోద్యోగియగు ఆయనకు వీలులేదు. అందుచే ఆయనకు మారుగా 1945లో భార్య వెళ్లెను. తరువాత హెర్బర్ట్ మెకాలే, న్నమ్ది అజికివే మొదలగు నాయకులు ప్రసంగించిన బహిరంగ సభకు పోగా, అచ్చట స్త్రీ తానొక్కతెయే! భర్త మాటను మోసికొనిపోయిన యామెకు, తనవారి మాటను మోయువారెవరును లేరని అప్పుడు తెలిసినది.

1946లో ఆమె విదేశమునకేగి, డబ్లిన్ నగరమున గృహవిజ్ఞానము నభ్యసించెను. తిరిగివచ్చి ఆబాలో గృహవిజ్ఞాన, కుట్టుపని శిక్షణాలయమును నెలకొల్పెను. అది ఆమె వృత్తి. ఆ దశాబ్దాంతమున అంగడి స్త్రీల సంఘమును నిర్మించుటకు పూనుకొనెను. కాని స్త్రీలు రారైరి. రాదలచినవారిని భర్తలు రానీయరైరి.

అవి రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరువాతి దినములు. ఉప్పు కరవుగా నుండెను. మార్గరెట్ వర్తకుల కొట్లకు పోయి, ఉన్న ఉప్పు బస్తాలన్నిటికిని ముందుగనే సొమ్ము చెల్లించెను. సంఘమున పేరు నమోదు చేయించుకొన్న స్త్రీకి తప్ప అమ్మరాదని కట్టడి చేసెను. ఉప్పు లేని కూర ఎన్ని పూటలు తినగలరు? సభలకు పోరాదని నిన్న గర్జించిన భర్తలే, పోయి పేరు వ్రాయించుకొని రమ్మని భార్యలను తొందరపెట్టిరి.

ఇది ధర్మమేనా యని మనలో కొందరికి సందేహము కలుగవచ్చును. అవసర వస్తువును అదుపులో నుంచుకొని మనుష్యులను సంఘమున చేర్చుట పొగడదగిన మార్గము కాదు. కాని ఇంటి తలుపు వెలుపలినుండి గడియ వేయబడియున్నప్పుడు, వంటయింటినుండి మాత్రమే తెరువగల తలుపు ఒకటి యున్నదని ఆమె కనిపెట్టెను. ఉప్పు కొరకు వచ్చిన స్త్రీలు ఉప్పు దొరకిన తరువాత కూడ సంఘమున నిలిచిరా యన్నదే అసలు పరీక్ష.

వారు నిలిచిరి. 1949 నవంబరు 18న ఎనుగు బొగ్గుగనులలో పోలీసులు కాల్పులు జరిపి 21 మంది కార్మికులను చంపినప్పుడు, అబెవోకుటా స్త్రీల నాయకురాలగు ఫన్మిలాయో రాన్సమ్ కూటితో కలిసి మార్గరెట్ నిరసనోద్యమమును నడపెను. 1953లో, అజికివే నాయకత్వమున గల పార్టీ ఆమెను తూర్పు ప్రాంతపు నాయకుల సభకు నామకరణము చేసెను. 1954లో ఆమె ఆబా పట్టణ స్త్రీల సంఘమును స్థాపించెను. మరుసటి సంవత్సరపు పట్టణ ఎన్నికలలో స్త్రీ ఓటర్ల సంఖ్య పురుషుల సంఖ్యను మించినది! పాతికేండ్ల క్రిందట తుపాకులకు ఎదురు నిలిచిన ఊరిలో స్త్రీలు ఈ మారు ఓటు చేతబట్టి వరుసలు తీరిరి. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి సంవత్సరము, అనగా 1961లో, ఆమె తూర్పు ప్రాంత శాసనసభకు ఎన్నికయ్యెను. అచ్చట ఆమె పట్టుబట్టినది సంతలకు పోవు రహదారులను గూర్చి, గ్రామములకు రవాణా సౌకర్యములను గూర్చి. తట్ట నెత్తిన పెట్టుకొని నడుచు స్త్రీకి రహదారియే మొదటి హక్కు.

1966 సైనిక తిరుగుబాటుతో ఆ శాసనసభయే లేకుండపోయెను. పిదప వచ్చిన అంతర్యుద్ధమున బయఫ్రా అధికారులు ఆమెను నిర్బంధించిరి. యుద్ధానంతరము ఆమె రాజకీయములలో ముందువరుసకు రాలేదు. ఉత్తర నైజీరియా స్త్రీలకు ఓటుహక్కు 1976లో గాని లభింపలేదు. 2001లో కాలబార్ విమానాశ్రయమునకు ఆమె పేరు పెట్టిరి. 2006లో, 92వ యేట ఆమె కన్నుమూసెను.

విమానాశ్రయముపై పేరు గౌరవమే. కాని ఆమె మనకు విడిచిన పాఠము ఆబా అంగడిలోనే యున్నది. హక్కులను గూర్చి ఉపన్యసించుటకు ముందు ఆమె ప్రతి స్త్రీకిని నిత్యము కావలసిన దేదియో చూచెను. దానిచుట్టు వారిని కూర్చెను. కూడినవారికి తమ సంఖ్యాబలమును తెలియజేసెను. ధైర్యము ఒక దినమున ఊరిని కదలింపగలదు. మరునాడును, ఆ మరునాడును ఆ ఊరిని నిలబెట్టునది సంఘము.