చేనిలో మంద – ఆచార్యుని ప్రశ్న

కుప్పమునకు చేరువనున్న గుడుపల్లె ప్రాంతమున ఎఱ్ఱనేలలు మెండు. మా వైపు రైతులు విత్తుటకు ముందు రాత్రులందు చేనిలో గొఱ్ఱెలమందను నిలిపించుకొందురు. తెల్లవాఱి ఆ గట్టున నడచినచో ఘాటైన వాసన ముక్కునకు సోకును. అది అమ్మోనియా. అందు కొంత గాలిలో కలసిపోవును. నేలలో నిలిచినది క్రమముగా నైట్రేటుగా మాఱి పైరునకు ఆహారమగును. ఈ మార్పు ఎట్లు జరుగుచున్నదను ప్రశ్నను చేపట్టిన తెలుగు రసాయనాచార్యుడు గొల్లమూడి గోపాలరావుగారిని గూర్చి శ్రోతలకు నాలుగు మాటలు మనవి చేయుదుము.

ముందుగా ఉత్ప్రేరకమన నేమో చెప్పవలెను. కళాశాలలో పొటాషియం క్లోరేటును కాచి ఆక్సిజనును తీయునపుడు అధ్యాపకుడు అందు చిటికెడు మాంగనీసు డయాక్సైడును కలుపును. అంతట తక్కువ వేడికే వాయువు వెలువడును. కలిపిన నల్లని పొడి మాత్రము తుదకు తఱుగక నిలుచును. చర్యను త్వరితము చేసి, తాను వ్యయము గాని ఇట్టి పదార్థమే ఉత్ప్రేరకము.

నేలలోని అమ్మోనియాను సూక్ష్మజీవులు మార్చునని పందొమ్మిదవ శతాబ్దాంతముననే వినోగ్రాడ్‌స్కీ నిరూపించెను. అయినను అలహాబాదులో నీలరతన్ ధర్‌గారితో కలసి పరిశోధించిన గోపాలరావుగారికి వేఱొక సందేహము కలిగెను: మన దేశపు తీక్ష్ణమైన యెండకు ఇందు పాలు లేదా? టైటానియం ఆక్సైడు, జింకు ఆక్సైడు వంటి పొడుల సమక్షమున అమ్మోనియా ద్రావణములను వెలుతురునకు పెట్టగా నైట్రైటు ఏర్పడెను. ఈ కృషి 1931లో ఒక మృత్తికాశాస్త్ర పత్రికలో వెలువడినది.

నేలలో ఈ మార్పునకు ఎండయే ముఖ్యకారణమను వాదమును మాత్రము శాస్త్రలోకము అంగీకరింపలేదు. వెలుతురు మన్ను పైపొరను దాటి లోనికి పోదు. ఆ పని ప్రధానముగా సూక్ష్మజీవులదే. అంతమాత్రమున ఆ ప్రయోగము వ్యర్థమైనదా? కాలేదు. 1972లో జపానుకు చెందిన ఫుజిషిమా, హోండాలు టైటానియం ఆక్సైడుపై వెలుతురు పడగా నీరు విడిపోవుటను ప్రకటించిన పిమ్మట కాంతి ఉత్ప్రేరణము ప్రపంచమంతట విస్తృత పరిశోధనకు విషయమైనది. తన మురికిని తానే పోగొట్టుకొను గాజుపలకలపై పూయునది ఈ ఆక్సైడే.

గోపాలరావుగారు పిదప వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో అధ్యాపకులై, ఆచార్యులై, శిష్యులతో కలసి విశ్లేషణ రసాయనమును పెంపొందించిరి. ఫెర్రస్ ఇనుము సాధారణముగా యురేనియమును క్షయకరింపజాలదు. గాఢమైన ఫాస్ఫారికామ్లములో ఆ శక్తి దానికి వచ్చును. దీని నాధారముగా గొని యురేనియమును కొలుచు పద్ధతిని వారు 1962లో ప్రకటించిరి. 1964లో డేవిస్, గ్రే అనువారు వెలువరించిన ప్రసిద్ధ పద్ధతియు ఈ ఆమ్లములో ఇనుము చూపు శక్తిపైననే నిలిచినది. అందు మిగిలిన ఇనుమును తొలగించుటకు మాలిబ్డినము ఉత్ప్రేరకముగా నుపకరించును.

ఒక సమాధానము సంపూర్ణము కాకపోయినను, జాగ్రత్తగా చేసిన ప్రయోగము నశింపదని ఈ చరిత్ర తెలుపుచున్నది. కావున చేనిగట్టున నడచు బాలుడు "ఈ వాసన ఎటు పోవును?" అని యడిగినచో పెద్దలు విసుగుకొనకుందురు గాక! తెలిసినంత చెప్పి, తెలియనిదానిని వాని ఉపాధ్యాయు నడిగి రమ్మని పంపుదురు గాక!