అలకాపురికి మేఘుని పయనము
(రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



నేను పండితుడను గాను. ఊరి లెక్కలు వ్రాసికొని బ్రతుకువాడను. సంస్కృతమును ఏ పాఠశాలయందును నేర్వలేదు. ఈ గ్రంథాలయపు బల్లమీద ఒక ప్రక్క నిఘంటువును, ఒక ప్రక్క కావ్యమును పెట్టుకొని తడుముకొనుచు నేర్చితిని. తప్పులున్న పెద్దలు దిద్దుదురు గాక. నేడు కాళిదాసుని మేఘసందేశమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదును.

కథ చిన్నది. కొలువున ఏమరుపాటు పడిన యొక యక్షుని కుబేరుడు ఏడాదిపాటు వెడలగొట్టెను. అతడు రామగిరిలో ఎనిమిది నెలలు గడపెను. ఆషాఢము మొదటి దినమున కొండకొమ్మున మేఘము కనబడగా, కైలాసపు ఒడిలోని అలకాపురికి పోయి, తాను బ్రతికియున్నానని తన యిల్లాలితో చెప్పుమని వేడుకొనెను. మేఘము వార్త మోయుటయేమి యని మనము నవ్వకమునుపే కవియే ఆ ప్రశ్న వేసికొనెను. ఆపదలో నున్నవానికి ఆ విచక్షణ యెక్కడిదని తానే జవాబు చెప్పికొనెను.

ఈ కావ్యమునకు సంజీవని యను వ్యాఖ్య వ్రాసిన మల్లినాథసూరి మనవాడే. మెదకు సీమలోని కొలిచెలమ, అనగా నేటి కొల్చారము, ఆయన యింటిపేరునకు మూలము. ఆ సీమను తడిపిన మంజీర నీరే నిజాంసాగరము నిండి మన కోటగిరి దిక్కునకు వచ్చుచున్నది. దేశమందెల్లెడల కాళిదాసును చదువువారు ఆయన చేయి పట్టుకొనియే నడచుదురు. ఆధారము లేనిది వ్రాయను, అక్కరలేనిది చెప్పను అని ఆయన పెట్టుకొన్న నియమము. ఇది పండితులకెట్లుండునో గాని, లెక్కల చిట్ఠా వ్రాయువానికి మాత్రము గోడమీద వ్రాసిపెట్టుకొనదగినది.

ఇక త్రోవ. రామగిరి విడిచిన మేఘము ఆమ్రకూటము మీద అలసట తీర్చుకొని, వింధ్యపాదమున చీలి పారు రేవను, అనగా నర్మదను, దాటవలెను. పిమ్మట దశార్ణ దేశమున వేత్రవతీతీరపు విదిశ. అటనుండి తిన్నగా ఉత్తరమునకు పోరాదట. త్రోవ వంకర యైనను ఉజ్జయిని చూచి, మహాకాళుని సంధ్యాపూజవేళ ఉరిమి పొమ్మని యక్షుని కోరిక. తొందర పనిమీద పంపుచు చుట్టుత్రోవ చెప్పుట వింతయే! తన ఊరి సంగతి మరచి దారిలోని ఊళ్ల సొగసు చెప్పు ఈ మనిషిని చూచిన జాలి కలుగును. ఆ తరువాత చర్మణ్వతి, దశపురము, కురుక్షేత్రము, కనఖలమున గంగ. అటుపైన మంచుకొండలు. పరశురాముని బాణము తొలిచిన దని చెప్పు క్రౌంచరంధ్రమున ఒదిగి దూరి, హంసలు పోవు త్రోవనే కైలాసము చేరవలెను.

ఇచ్చట నొక సరిహద్దు తగవు గలదు. రామగిరి యనగా చిత్రకూటమని మల్లినాథుడు వ్రాసెను. నాగపురము దాపున నున్న రాంటేకు అని మిరాశీ పండితుని నిర్ణయము. చిత్రకూటము నర్మదకు ఉత్తరమున నున్నది. అచ్చటనుండి ఉత్తరమునకు పోవు మేఘమునకు నర్మద ఎట్లు అడ్డమగును? పటము పరచి వ్రేలు పెట్టి చూచితిని. రాంటేకు నుండియే లెక్క కుదురుచున్నది. మల్లినాథుని యందు నాకు గల భక్తికి ఇందువలన లోటు లేదు.

అలకలో కుబేరుని మేడకు ఉత్తరమున యక్షుని యిల్లు. ఆ యిల్లాలు మిగిలిన నెలలను గడపమీద పూవులు పెట్టి లెక్కించుచుండునని కవి చెప్పినాడు. ఈ చోటికి వచ్చినప్పుడు నేను పుస్తకము మూసి చాలసేపు ఊరకుంటిని.

ఏలయన, దాదాపు ముప్పది యేండ్ల క్రిందట, చేతిఫోనులు లేని దినములలో, మస్కటు, దుబాయి పోయినవారి ఉత్తరములు ఇంటింట చదివి వినిపించుట నా వంతుగా నుండెను. ఒక యిల్లాలు తలుపు ప్రక్క గోడమీద నెలకొక బొగ్గుగీత గీయుచుండెను. ఆషాఢమున ఉత్తరము వచ్చెను. పాసుపోర్టు యజమాని చేతిలో నున్నదనియు, ఇంకొక యేడాది రాజాలననియు అందులో నుండెను. ఆమె చంకలో బిడ్డ. నా నోరు రాలేదు. "దీపావళికి వచ్చునట" అని చదివితిని. ఆమె గోడవైపు చూచి, "ఇంక నాలుగు గీతలే" అనెను.

యక్షుడు చెప్పి పంపినదియు నాలుగు నెలలే. కాని అతడు చెప్పినది నిజము. మేఘుని మాట నమ్ముటకై భార్యాభర్తలిద్దరికి మాత్రమే తెలిసిన యొక కలమాటను ఆనవాలుగా గూడ పంపెను. ఆధారము లేనిది వార్తలో చేర్చినవాడను నేనే.

దీపావళి వచ్చెను, పోయెను. అయిదవ గీతయు పడెను. మరునాటి ప్రొద్దున ఆమె ఆ ఉత్తరమునే కొంగున ముడివేసికొని మా అరుగు కడకు వచ్చి, "పంతులూ, నాడు సదివినట్టు గాదు. ఆయన ఎట్ల రాసిండో అట్లనే సదువు" అనెను.

చదివితిని.