దాచిన రోగము



మాది పుట్టపర్తికి చేరువనున్న యొక పల్లె. మా పొలము చిత్రావతి యొడ్డున నున్నది. పేరునకు నదియే గాని, అనేక సంవత్సరములు అందు ఇసుక మాత్రమే కానవచ్చును. మా సీమలో ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము; అదియు వేళకు రాదు. అయినను బావి యెండినచో మేము దాచుకొనము. రచ్చకట్టమీద కూర్చుండి, ఎవరి బోరు ఎన్ని యడుగులు దిగెనో, ఎవరి వేరుశనగ యెంత మాడిపోయెనో బహిరంగముగా చెప్పుకొందుము. వినినవారు జాలిపడుదురు, చేతనైనవారు కడివెడు నీళ్లిత్తురు. ఇంటిలో నొకరి మనస్సు చెడినప్పుడు మాత్రము తలుపు మూయుదుము. ఆ తలుపును నేడు కొంచెము తెరువ దలచితిని.

మొదట మా పెదనాయన సంగతి చెప్పెదను. ఎవ్వరును పలుకకున్నను ఆయనకు మాటలు వినవచ్చుచుండెను. నేను ఎనిమిదేండ్ల బాలుడనై యుండగా ఆయనను పశువులకొట్టములో గుంజకు గొలుసుతో కట్టివేసిరి. మా అవ్వ యిచ్చిన సంగటిముద్దను నేను తీసికొనిపోవుచుంటిని. 'బడికి పోతివా నాయనా?' అని ఆయన ఆదరముతో నడుగుచుండెను. మావారు క్రూరులు కారు. గుడులకు త్రిప్పిరి, తాయెతులు గట్టించిరి, భూతవైద్యులకు మేకల నిచ్చిరి. వైద్యునియొద్దకు మాత్రము తీసికొనిపోలేదు. తీసికొనిపోయినచో నలుగురికి తెలియును. తెలిసినచో మా మేనత్తకు సంబంధము కుదురదని వారి భయము. ఆయన ఆ కొట్టములోనే కన్నుమూసెను. ఆపైన మా యింట ఆయన పేరు నెవ్వరు నెత్తలేదు.

నేను ఉపాధ్యాయుడనైతిని. ముప్పదినాలుగవ యేట నాకు మొదట నిద్ర పోయెను. పిమ్మట అన్నము రుచి పోయెను. పాఠము చెప్పుచు నడుమ నిలిచిపోవుచుంటిని. అక్షరములు కనబడును గాని అర్థము పట్టుపడదు. నేను ఇంటికి భారమైతినను తలంపు పగలును రాత్రియు విడువలేదు. ధైర్యము తెచ్చుకొమ్మని బంధువులు చెప్పిరి. బావిలో నీరు లేనప్పుడు గిలక నెంత త్రిప్పినను చేద నిండునా? రోగముకంటె నాకు ఎక్కువ భయము పుట్టించినది ఆ పశువులకొట్టము. నోరు విప్పినచో నన్నును అచ్చట కట్టుదురేమోయని రెండు సంవత్సరములు ఊరకుంటిని. ఒక తెల్లవారుజామున నేను బావిగట్టున నిలిచియుండగా నా భార్య చూచి, ఏమియు నడుగక, చేయి పట్టుకొని యింటికి తెచ్చెను. ఆ దినముననే బెంగుళూరు బస్సెక్కితిమి.

అచ్చటి వైద్యుడు తెలుగులోనే మాటలాడెను. ఇది పాపఫలము కాదు, దయ్యము కాదు, విషాదరోగము, డిప్రెషన్ అందురు, దీనికి చికిత్స కలదని చెప్పెను. మందు మ్రింగిన మరునాడే గుణము కానరాలేదు. కొన్ని వారములు నోరెండుట, మగత మొదలగు బాధల నోర్చుకొంటిని. ఆరవ వారమున నొక యుదయము, వంటయింట వేరుశనగవిత్తులు వేయించు వాసన నాకు కమ్మగా తెలిసెను. కూర్చుండి యేడ్చితిని.

అయినను సత్యము చెప్పుటకు ధైర్యము చాలలేదు. నెలనెల బెంగుళూరేల పోవుచున్నావని యడిగినవారికి కండ్ల వైద్యమునకని చెప్పుచుంటిని. ఇట్లు ఐదేండ్లు గడచెను. ఒకనాడు రచ్చకట్టమీద నొక పెద్ద, 'ఏమప్పా అయ్యవారూ, ఇన్నేండ్లయినా కండ్లు నయము కాలేదా?' అని యడిగెను. 'కండ్లు కాదప్పా, మనసు' అంటిని. కొంతసేపు ఎవ్వరును మాటలాడలేదు. ఇద్దరు లేచిపోయిరి. మరుసటి వారమున నొక తండ్రి తన పిల్లవానిని మా బడి మాన్పించెను. ఇది నాకు గట్టిగా తగిలినది.

కాని ఆ రాత్రియే యొక యిల్లాలు కొంగు కప్పుకొని మా వాకిట నిలిచి, 'అన్నా, మా యింటాయన మూడేండ్లుగా నిద్రపోడు, తనలో తానే మాట్లాడుకుంటాడు. యాడికి పిల్చుకపోవల్ల?' అని యడిగెను. ఆ మూడేండ్లును నేను నెలనెల ఆమె గడపముందునుండియే బస్సుకు నడచితిని. నా యబద్ధము నా పరువును కాపాడెనేమో గాని, ఆ యింటికి మూడేండ్ల చికిత్సను దూరము చేసెను.

రోగియైనవాడు తన కథ చెప్పుకొనుట కొత్తది కాదు. అమెరికా దేశీయుడగు క్లిఫర్డ్ బీర్స్ ఉన్మాదశాలలలో తాను పడిన పాట్లను 1908లో గ్రంథముగా ప్రకటించెను; మరుసటి సంవత్సరమే ఆ దేశమున మానసికారోగ్యమునకై జాతీయసంఘము వెలసెను. మనకు ఇరుగున నున్న బళ్లారి జిల్లాలో బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థవారు 1980 తరువాతి దశకమున ప్రాథమిక ఆరోగ్యకేంద్రముల వైద్యులకు శిక్షణ యిచ్చి, పల్లెలలోనే ఈ రోగములకు చికిత్స చేయవచ్చునని నిరూపించిరి. ఆ మాదిరినే 1996లో జిల్లా మానసికారోగ్య కార్యక్రమము ఆరంభమైనది; మొదట నెన్నుకొన్న జిల్లాలలో మెదకు ఒకటి.

గొలుసు మాటయు చెప్పవలెను. 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాటి ఏర్వాడిలో ఇల్లంటుకొనగా, గొలుసులలోనున్న మనోరోగులు పారిపోలేక 28 మంది ప్రాణములు గోల్పోయిరి. 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము గొలుసుతో బంధించుటను నిషేధించినది; చికిత్స పొందుట ప్రతివాని హక్కని చెప్పినది. 2022 నుండి 14416 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే సలహా పొందవచ్చును. అయినను మూసిన తలుపును చట్టము వచ్చి తెరువజాలదు, లోపలివారే తెరువవలెను.

అందరును రచ్చకట్టమీదనే చెప్పవలెనని నేననను. చెప్పలేనివారిని బలవంతపెట్టరాదు. ఒక్కరికి చెప్పినను చాలును. వినువారు తీర్పు చెప్పక, 'ఎన్నాళ్లనుండి? ఎప్పుడు పోదము?' అని యడిగిన మేలు.

మా పెదనాయన పటము నొకదానిని పాతపెట్టెలో వెదకి తీసి, మా నడవలో గోడకు తగిలించితిని. ఈయన యెవరని మా పిల్లలు అడిగిరి. చెప్పితిని.