పదోన్నతి తిరస్కరణలో దాగిన వేతన వ్యత్యాసం
(మహిళా ఉద్యోగుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మన శాఖలలో స్త్రీ పురుషుల మధ్య వేతన వ్యత్యాసం ఎక్కడున్నదని ఒక మిత్రుడు నిన్న నన్నడిగాడు. పే మాట్రిక్స్‌లో స్త్రీకొక గడి, పురుషునికొక గడి లేవు కదా అని ఆయన వాదన. నిజమే. సమాన పనికి సమాన వేతనమన్న సూత్రం రాజ్యాంగం 39వ అధికరణంలో ఉన్నది. ఆ సూత్రాన్ని ప్రకటించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడికను మన దేశం 1958లోనే ధ్రువీకరించినది. 1976లో చట్టమూ వచ్చినది. అయినప్పటికీ పదవీ విరమణనాటి పెన్షన్ కాగితాలు పక్కపక్కన పెట్టి చూడండి, మిత్రుని ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది.

నాకు బాగా తెలిసిన ఒక సోదరి 2003లో, 28వ ఏట పోస్టల్ అసిస్టెంటుగా చేరినది. పదేండ్లకు మొదటి ఎం.ఎ.సి.పి. వచ్చి లెవెల్ 5కు చేరినది. 2019లో ఎల్.ఎస్.జి. పదోన్నతి వచ్చినది. పోస్టింగు దాదాపు నూరు కిలోమీటర్ల దూరంలో. ఇంటిలో పదవ తరగతి చదివే కుమార్తె, మంచం పట్టిన అత్తగారు. ఎల్.ఎస్.జి. కూడా లెవెల్ 5యే కనుక చేతికి వచ్చే అదనపు జీతమేమీ లేదు. ఆమె తిరస్కరించినది. మరి రెండు పర్యాయాలు కూడా అదే జరిగినది.

నిబంధన చూడండి. తిరస్కరించిన ప్రతిసారి ఒక సంవత్సరం నిషేధం. ఆ నిషేధ కాలమంతా తదుపరి ఆర్థికోన్నతి వెనుకకు జరుగుతుంది. 48వ ఏట రావలసిన లెవెల్ 6 ఆమెకు 51వ ఏటికి పోయినది. 58వ ఏట రావలసిన లెవెల్ 7 ఇక 61వ ఏటికి. పదవీ విరమణ 60కే! ఆమెతోపాటు అదే రోజున చేరి, దూరప్రాంతానికి వెళ్లిన సహోద్యోగి లెవెల్ 7లో పెన్షన్ పుచ్చుకుంటాడు. వెళ్లగలిగాడు, ఎందుకంటే ఆయన ఇంటిని చూచుకొనుటకు భార్య ఉన్నది. ఈ నిబంధనలో స్త్రీ అన్న మాట ఎక్కడా లేదు. కనుకనే కోర్టులో కొట్టివేయించుట కష్టం.

కామ్రేడ్స్, ఒక సంగతి దాచను. ఆమె మొదటి తిరస్కరణ పత్రాన్ని వ్రాసి ఇచ్చినది నేనే. "నష్టమేమీ లేదమ్మా, సంతకం చేయి" అన్నాను. మూడు దశాబ్దాలుగా సర్క్యులర్లు చదువుతున్నవాడిని, ఈ లెక్క వేయలేదు.

రైల్వేలో ఇదే కథ మరొక రూపంలో ఉన్నది. 1980లలో అసిస్టెంట్ డ్రైవరుగా చేరిన సురేఖా యాదవ్ 2025లో పదవీ విరమణ చేశారు. అంతకాలం గడిచినా అన్ని ఇంజన్లలోనూ మరుగుదొడ్డి లేదు. ఆ బాధ భరించలేక ఆఫీసు పనికి మారిన సోదరికి కిలోమీటర్లనుబట్టి వచ్చే రన్నింగ్ అలవెన్సు పోతుంది. దానిని ఆమె ఇష్టమని వ్రాసుకుంటారు.

శిశుసంరక్షణ సెలవు 2008లో సాధించుకున్నాము. 730 రోజులు, బిడ్డకు 18 ఏండ్లు వచ్చేవరకు. బిడ్డ కొరకు సెలవిచ్చే ప్రభుత్వం, అదే బిడ్డ కొరకు పదోన్నతి వదులుకుంటే శిక్షించుట ఏమి న్యాయం? కుటుంబ సంరక్షణ కారణంగా చేసిన తిరస్కరణను ఎం.ఎ.సి.పి. లెక్కనుండి తొలగించాలి. పదోన్నతి పోస్టింగు సాధ్యమైనంతవరకు అదే డివిజన్‌లో, సమీపంలో ఇవ్వాలి. పురుషులకూ ఇది వర్తించనివ్వండి, మనకభ్యంతరం లేదు.

బ్రాంచి కార్యదర్శులకు ఒక పని. ఇప్పటివరకు పదోన్నతి తిరస్కరించిన ప్రతి సోదరి వివరాలు, తేదీ, కారణం, వెనుకకు జరిగిన ఆర్థికోన్నతి, వచ్చే కౌన్సిల్ సమావేశానికి జాబితాగా తీసుకొని రండి. ఆ జాబితా తయారుచేసే సమావేశం రాత్రి ఎనిమిదింటికి పెట్టకండి.