మత్తు పరీక్ష – మన మనిషి పరువు
(కార్మికుల సభలో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)



ఫ్యాక్టరీ గేటు దగ్గర, బస్సు డిపోలో మన పిల్లల చేత గొట్టంలో ఊదిస్తున్నారు, మూత్రం పట్టిస్తున్నారు. పరీక్షే వద్దని నేననను. డ్రైవరు తాగి బండి నడిపితే చచ్చేది మనవాళ్లే గదా. నేనడిగేది వేరు. ఆ పరీక్ష తప్పు చెబితే? ఆ తప్పును మేనేజరు నలుగురికీ చాటితే? పని పోతే ఇంకోచోట వెతుక్కుంటాం. మత్తు తాగేవాడన్న పేరు పడితే ఇంకో గేటు తెరుచుకోదు. వాడ నుంచి వచ్చినోడంటే తాగుబోతేనని ముందే తీర్పు చెప్పే లోకం ఇది.

పరీక్ష తప్పు చెబుతుందా? చెబుతుంది. కోడీన్ ఉన్న దగ్గుమందు తాగినా మూత్రంలో నల్లమందు జాడ కనబడుతుంది. మనం కూరలో నూరి వేసే గసగసాలు కూడా నల్లమందు మొక్క గింజలే! అందుకే అమెరికా ప్రభుత్వం 1998లో తన ఉద్యోగ పరీక్షల్లో హద్దును మిల్లీలీటరుకు 300 నానోగ్రాముల నుంచి 2000కు పెంచింది.

ఆ దేశంలోనే హూస్టన్ నగరంలో ఒక రైల్వే కార్మికుడి మూత్రంలో మెథడోన్ జాడ ఉందని మొదటి పరీక్ష చెప్పింది. హెరాయిన్ అలవాటు మాన్పించడానికి ఇచ్చే మందది. మళ్లీ పరీక్షిస్తే అది మెథడోన్ కాదని తేలింది. అయినా కంపెనీవాళ్లు ఆ మాటే ఉత్తరాల్లో రాశారు. ఆయన దావా వేశాడు. జ్యూరీ 1,50,000 డాలర్లు నష్టపరిహారం, శిక్షగా మరో 50,000 డాలర్లు కట్టమంది. 1976లో టెక్సాస్ అప్పీలు కోర్టు ఆ తీర్పును నిలబెట్టింది.

మన దగ్గర? వాసన వచ్చిందనీ, తూలాడనీ చెబితే చాలదు, రక్తమో మూత్రమో పరీక్షించాలని 1971లోనే సుప్రీంకోర్టు ఒక డ్రైవరు కేసులో అన్నది. ఇక పరువు నష్టానికి, 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షను ఉంది. రెండేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సమాజ సేవ కూడా వేయొచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి. తెలియాల్సిన పై అధికారికి మంచి నమ్మకంతో గుట్టుగా చెబితే చట్టం మేనేజరును కాపాడుతుంది. నోటీసు బోర్డుకు అంటిస్తే, పక్క కాంట్రాక్టర్లకు ఫోన్లు కొడితే ఆ రక్షణ దొరకడం కష్టం. ఉద్యోగ పనిలో ఆయన అన్న మాటకు సివిల్ కోర్టులో కంపెనీ చేతా నష్టపరిహారం కట్టించమని అడగొచ్చు.

నలుగురిలో కులం ఎత్తి తిడితే అది వేరే నేరం, 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద పోలీసులే కేసు కట్టాలి. ఉత్త పరువు నష్టానికి స్టేషనుకు పోతే కట్టరు, మేజిస్ట్రేటు కోర్టులో మనమే ఫిర్యాదు వేసుకోవాలి. దానికి గడువు మూడేళ్లు. సివిల్ దావాకు ఏడాదే. నోటీసు ఫోటో, రెండు పరీక్షల రిపోర్టుల నకళ్లు, విన్నవాళ్ల పేర్లు, తారీఖులు ఆ వారంలోనే తీసి పెట్టుకోండి. రెండో పరీక్ష చేయకపోతే, చేయమని ఆ రోజే రాసిచ్చి రసీదు తీసుకోండి.